వీలునామా దొరికింది, బ్యాంకు ప్రొబేట్ అడుగుతోంది: ముందు ఏం చేయాలి?

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే దిద్దండి.

నాన్నగారు పోయి రెండు నెలలైంది. రిటైరైన గవర్నమెంటు టీచరు. హైదరాబాద్‌లో ఆయన జీతంతో కొన్న స్థలంలో కట్టిన ఇల్లుంది. ఖమ్మం దగ్గర తాతగారి నాటి నాలుగెకరాలున్నాయి. ఒక బ్యాంకులో మీ అన్నయ్య నామినీగా 9 లక్షల ఎఫ్‌డీ, ఇంకో బ్యాంకులో నామినీ లేకుండా 13 లక్షలు. బీరువాలో నాన్నగారు తెల్లకాగితం మీద చేత్తో రాసిన వీలునామా దొరికింది. ఇల్లు మీకు, అమ్మ బతికున్నంతకాలం అందులోనే ఉండాలి, పొలం అన్నయ్యకు, అక్కకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం అని అందులో ఉంది. రిజిస్టర్ కాలేదు. సాక్షులిద్దరిలో ఒకరు పోయారు, రెండోవారు నాన్నగారితో పనిచేసిన మాస్టారు. అన్నయ్య న్యూజెర్సీలో, అక్క విజయవాడలో, అమ్మా ఎనభై నాలుగేళ్ళ నానమ్మా మీ దగ్గర. రెండో బ్యాంకు మేనేజరు 'ప్రొబేట్ తెండి' అన్నారు. మీరు కలిసిన లాయరు అన్నీ చేసిపెట్టడానికి ఆస్తి విలువలో ఐదు శాతం అడిగారు.

వరంగల్‌లో ఇరవై ఆరేళ్ళుగా సివిల్ కేసులు చూస్తున్నవాడిగా చెప్తున్నాను, మీకు ఇప్పటికిప్పుడు కోర్టుకు వెళ్ళే పని లేదు. మాస్టారింటికి వెళ్ళే పని, నానమ్మ దగ్గర కూర్చునే పని ఉన్నాయి. ఈ రెండూ కోర్టు పని కన్నా అర్జెంటు.

ముందు ఆ ప్రొబేట్ సంగతి తేల్చేద్దాం. చనిపోయినవారు రాసిన వీలునామా ఇదేనని, నిజమైనదేనని కోర్టు తేల్చి, ముద్ర వేసి ఇచ్చే ప్రతిని ప్రొబేట్ అంటారు. 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 213వ సెక్షన్ కింద హిందువులకు ఇది తప్పనిసరి అయింది కలకత్తా వైపు, మద్రాసు, బొంబాయి నగరాల పరిధిలో రాసిన వీలునామాలకూ అక్కడున్న స్థిరాస్తులకూ మాత్రమే. మన దగ్గర కొంతమంది పెద్దవాళ్ళు 'మనదీ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే కదా' అంటారు. చట్టం చెప్పింది మద్రాసు హైకోర్టు ఒరిజినల్ సివిల్ పరిధి గురించి, అంటే ఆ నగరం వరకే. నెల్లూరుకీ గుంటూరుకీ అది వర్తించలేదు, నిజాం ఏలుబడిలో ఉన్న హైదరాబాద్‌కి అసలే లేదు. పైగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ 213వ సెక్షన్‌నే తీసేసింది. చెన్నైలో ఫ్లాటు ఉన్న మన తెలుగువాళ్ళకు ఇన్నాళ్ళూ ఉన్న తలనొప్పి అది.

ఇంకో సంగతి. 'నా తర్వాత ఈ పనులు ఫలానావారు చూడాలి' అని వీలునామాలో పేరు పెట్టి గానీ, చదివితే అర్థమయ్యేలా గానీ ఉంటేనే, ఆ మనిషికి ప్రొబేట్ ఇస్తారు. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు ఎవరికీ ఆ బాధ్యత పెట్టలేదు. అలాంటప్పుడు వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అనే వేరే ఉత్తర్వు అడగాలి. అంటే మేనేజరుగారు అడిగిన కాగితం మీకు రానే రాదు.

అలాగని అది ఎప్పుడూ దండగ అనను. వీలునామా సంతకం దొంగదని ఇంట్లోవాళ్ళే అంటున్నప్పుడు, కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే ఆ ప్రశ్న అందరి మీదా తేలిపోతుంది. కానీ అది తేల్చేది వీలునామా నిజమా కాదా అన్నంతవరకే. ఆ ఆస్తి నాన్నగారిదా కాదా అన్నది తేల్చదు. మీ పొలం విషయంలో అసలు ప్రశ్నే అది, అక్కడికి తర్వాత వస్తాను.

ఇప్పుడు డబ్బు. వీలునామాలో ఎఫ్‌డీల ఊసే లేదన్నారు కదా. రాయనిదానికి వీలునామా లేనట్టే లెక్క. ఆ 22 లక్షలు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులందరికీ సమానం. ఇక్కడే చాలా ఇళ్ళలో లెక్క తప్పుతుంది. అమ్మ, ఇద్దరు కొడుకులు, కూతురు అని నలుగురిని లెక్కపెడతారు. కొడుకు పోయినప్పుడు తల్లి బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. కాబట్టి మీకు ఐదు వాటాలు, మనిషికి 4 లక్షల 40 వేలు.

అన్నయ్య నామినీ కాబట్టి 9 లక్షలు ఆయనవే అనుకోకండి, ఆయననూ అనుకోనివ్వకండి. బ్యాంకు ఎవరి చేతికి ఇస్తే దాని బాధ్యత తీరుతుందో చెప్పడానికే నామినీ. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లోనూ, షేర్ల గురించి 2023లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అన్నయ్య డబ్బు తీసుకుని ఐదుగురికీ పంచాలి. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్యనో, భర్తనో, పిల్లల్నో, తల్లిదండ్రుల్నో నామినీగా పెడితే పరిస్థితి వేరు, ఆ డబ్బు వాళ్ళదే అవుతుంది. ఎల్‌ఐసీ పాలసీలు ఏవైనా ఉంటే విడిగా చూడండి.

రెండో బ్యాంకులోని 13 లక్షలు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. నామినీ లేని ఖాతాల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకులైతే 5 లక్షల వరకు, వివాదం లేనప్పుడు కోర్టు కాగితాలు అడక్కుండా ఇవ్వాలి. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, రేపు తేడా వస్తే నష్టం మేమే భరిస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు, డబ్బు తీసుకోని వారసుల నిరభ్యంతర పత్రం చాలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. కాకపోతే ఈ సులువు పద్ధతి వీలునామా లేని కేసులను దృష్టిలో పెట్టుకున్నది. మీరు కౌంటరు దగ్గర 'వీలునామా ఉందండీ' అని ఉంటారు, మేనేజరు బెదిరిపోయి ఉంటారు. ఆయన తప్పు కూడా కాదు, రేపు ఇంకెవరో వస్తే జవాబు చెప్పాల్సింది ఆయనే.

దాచమని చెప్పను. వీలునామా జిరాక్సు జతచేసి ఒక ఉత్తరం రాయండి: 'ఇందులో మీ బ్యాంకు డిపాజిట్ల ప్రస్తావన లేదు, వీటిని మేం ఐదుగురం సమానంగా తీసుకోవడానికి ఒప్పుకున్నాం, మా మధ్య వివాదం లేదు' అని. ఐదుగురూ సంతకాలు పెట్టండి. ఉత్తరం ఇన్వర్డులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా 'కుదరదు' అంటే, కారణం రాతపూర్వకంగా అడగండి. కలం పట్టాల్సి వచ్చేసరికి సగం అభ్యంతరాలు అక్కడే కరిగిపోతాయి, నేను చాలాసార్లు చూశాను. నెల దాటినా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి ఖర్చు లేదు.

అదీ కాకపోతే, లేదా అక్క సంతకం పెట్టనంటే, అప్పుడు కోర్టు. అప్పుడు కూడా ప్రొబేట్ కాదు, పోయినవారి డబ్బు ఫలానా వారసులకు ఇవ్వొచ్చని కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్. నాన్నగారు మామూలుగా ఉన్న ఊరు హైదరాబాద్ కాబట్టి అక్కడి సివిల్ కోర్టులో వేయాలి. పేపర్లో ప్రకటన వేస్తారు, వారసులకు నోటీసులు వెళ్తాయి, ఎవరూ అడ్డు చెప్పకపోతే మీరు ఒక్కసారి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది. నా అనుభవంలో గొడవ లేకపోతే ఆరు నుంచి ఎనిమిది నెలలు. కోర్టు ఫీజు డబ్బు విలువను బట్టి కట్టాలి. ఇది డిపాజిట్లు, షేర్ల వంటి వాటికే పనికొస్తుంది, ఇంటికీ పొలానికీ పనికిరాదు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వేరు, ఇది వేరు. రెండిటినీ కలిపేసి తిరిగేవాళ్ళను రోజూ చూస్తుంటాను. ఆ కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి మీసేవలో ఈ వారమే పెట్టేయండి, అన్నిచోట్లా మొదట అడిగేది అదే. అందులో నానమ్మ పేరు పడిందో లేదో చూసుకుని మరీ తీసుకోండి.

నానమ్మ గురించి ఎందుకింత చెప్తున్నానంటే, నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం కథ ఇది. కొడుకు పోయాడు, వీలునామా లేదు, ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు. 'ముసలావిడను రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కించడం ఎందుకు, పాపం' అని ఆమెను వదిలేసి భార్యా పిల్లలూ పంపకం రాసుకున్నారు. ఏడాదిన్నరకు ఆవిడ పోయింది. ఇల్లు అమ్మకానికి పెడితే, కొనేవాళ్ళ లాయరు వంశవృక్షం గీసి చూశాడు. ఆవిడ వాటా ఆవిడ మిగతా పిల్లలకు కూడా వెళ్ళింది. ముగ్గురు మేనత్తలు, అందులో ఒకామె పోతే ఆమె పిల్లలు, ఒకరు దుబాయిలో. ఒక్క వేలిముద్రతో అయిపోయే పని పదకొండు సంతకాల దాకా వెళ్ళింది. అత్తలు చెడ్డవాళ్ళేం కాదు. అడగాల్సినప్పుడు అడగలేదన్న కోపం, అంతే.

మీ ఇంట్లోనూ నానమ్మ 4 లక్షల 40 వేలు తీసుకోకుండానే, ఎవరికీ రాసివ్వకుండానే పోతే, ఆ డబ్బు మూడు భాగాలవుతుంది. మీ ఇద్దరు మేనత్తలకు చెరొకటి, నాన్నగారి భాగం మీ ముగ్గురికీ కలిపి ఒకటి. కాబట్టి ఆమె దగ్గర కూర్చుని, అర్థమయ్యేలా చెప్పి, ఆమె ఏమంటే అది చేయండి. డబ్బు కావాలంటే ఆమె ఖాతాలో వేయండి. వద్దంటే ఇప్పుడే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే, రాతలో పెట్టించండి. 'నాకెందుకురా' అన్న మాట కాగితం కాదు.

ఇక ఇల్లు. ఇది నాన్నగారి స్వార్జితం. దాన్ని ఎవరికైనా రాసే హక్కు ఆయనకుంది, కూతురికి రాయకపోయినా చట్టం తప్పు పట్టదు. రిజిస్టర్ కాలేదన్న టెన్షన్ వద్దు, వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. కావాల్సింది రాసినాయన సంతకం, ఆయన సంతకం చూసి పెట్టిన ఇద్దరు సాక్షుల సంతకాలు. రేపు ఎవరైనా కాదంటే, కనీసం ఒక్క సాక్షి వచ్చి 'నా ముందే పెట్టారు' అని చెప్పాలి. మీకు మిగిలింది ఆ ఒక్కరే. ఆయన వయసు మీరు రాయలేదు గానీ, నాన్నగారి తోటివారంటే ఊహించుకోగలను.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. రాసినాయన పోయాక కూడా వీలునామాను సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్ట్రేషన్‌కి పెట్టొచ్చు. దానికి గడువు లేదు. సబ్ రిజిస్ట్రారు మరణ ధ్రువపత్రం చూస్తారు, సాక్షిని విచారిస్తారు, నమ్మకం కలిగితే రిజిస్టర్ చేస్తారు. మాస్టారి మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది. వీలునామాను ఎవరూ ప్రశ్నించకుండా ఇది పూర్తిగా ఆపలేదు. కానీ పదేళ్ళ తర్వాత ఆయన లేని రోజున మీకు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఒక పండో ఫలమో తీసుకుని వెళ్ళి కలవండి. ఆయన ఏం చెప్పాలో మీరు నేర్పకండి, ఆ రోజు ఏం జరిగిందో ఆయననే చెప్పనివ్వండి.

ఒరిజినల్ కాగితాన్ని లామినేషన్ చేయించకండి. భద్రంగా ఉంటుందని చేయిస్తారు, తర్వాత సంతకం మీద తగాదా వస్తే ఇంకును పరీక్షించే నిపుణుడికి ఆ ప్లాస్టిక్కే అడ్డం. పిన్ను కొట్టకండి, మార్జిన్‌లో పెన్సిల్‌తో కూడా ఏమీ రాయకండి. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, నాన్నగారి సంతకం ఉన్న పాత చెక్కు పుస్తకం, పెన్షన్ కాగితాలు కూడా దాంతోపాటే ఉంచండి. పోలిక చూపాలంటే అవే ఆధారం.

మున్సిపాలిటీలో పన్ను మీ పేరుకు మార్చుకోవడం ఆ తర్వాత చిన్న పని. పన్ను రసీదు మీద పేరు మారితే ఇల్లు మీదైపోయినట్టు కాదు, గుర్తుంచుకోండి. అమ్మకు ఉన్న హక్కు మాత్రం గట్టిది. ఆవిడ ఉన్నంతకాలం మీరు ఆ ఇల్లు అమ్మి ఆవిడను కదిలించలేరు.

పొలం. వీలునామాలో ఒక్క ముక్కలో 'పొలం పెద్దవాడికి' అని ఉంది. తాతగారు 1998లో పోయారనీ, పాస్ పుస్తకం నాన్నగారి పేరుకు మారిందనీ రాశారు. తాతగారు ఆ నాలుగెకరాలు తాను కొనుక్కుని, ఏమీ రాయకుండా పోయి ఉంటే, ఆ రోజే అది నానమ్మకు, నాన్నగారికి, ఇద్దరత్తలకు తలా ఎకరం అయింది. పాస్ పుస్తకంలో ఒక్కరి పేరున్నా అత్తల హక్కు చెరిగిపోదు. అప్పుడు నాన్నగారు అన్నయ్యకు రాయగలిగింది ఒక్క ఎకరమే. అలా కాక తాతగారికి అది వాళ్ళ నాన్న నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు 1985 సెప్టెంబరు నుంచే పుట్టుకతో హక్కు ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. దీన్ని 2020లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. అలాంటి ఆస్తి అయితే 'పెళ్ళప్పుడే ఇచ్చేశాం' అన్న వాక్యం అక్క హక్కును తుడిచేయలేదు. నాన్నగారు తన వాటాను మాత్రమే వీలునామాలో రాయగలరు.

కాబట్టి అన్నయ్య తొందర పెడుతున్నారని వీలునామా పట్టుకుని తహశీల్దారు దగ్గరకు పరుగెత్తకండి. 2025 ఏప్రిల్ నుంచి భూమి రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూ భారతి వచ్చింది. వారసత్వ మార్పిడికి దరఖాస్తు పెడితే వారసులకు నోటీసులు వెళ్తాయి. అత్తల ఇళ్ళకు ఆ నోటీసే మొదటి కబురు కాకూడదు. ముందు మీరే ఫోను చేయండి.

మీ లాయరు అడిగిన ఐదు శాతం గురించి. ఆస్తిలో వాటా గానీ, గెలుపు మీద ఆధారపడిన ఫీజు గానీ మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఒక్కో పనికి ఇంత అని చెప్పమనండి: ఉత్తరానికి ఎంత, వీలునామా రిజిస్ట్రేషన్‌కి ఎంత, అవసరపడితే సక్సెషన్ పిటిషన్‌కి ఎంత. చెప్పలేనంటే ఇంకొకరిని చూసుకోండి. ఒరిజినల్స్ ఎవరికీ వదిలి రాకండి, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి తెచ్చుకోండి. కోర్టులో దాఖలు చేయాల్సి వస్తే అప్పుడు రసీదుతో ఇవ్వొచ్చు. ఖాళీ కాగితం మీద అమ్మ సంతకం అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకో మాట, అమ్మకు, నానమ్మకు, అక్కకు ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరుకుతారు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెప్తారు. 'ఫ్రీ లాయరు ఏం చూస్తాడులే' అనే చిన్నచూపు నాకూ ఒకప్పుడు ఉండేది. కేసు వేయకముందే ఇరుపక్షాలనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ రాయిస్తారు. ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అత్తలతో పొలం లెక్క తేలిపోతే దాన్ని అక్కడ రాయించుకోవడం నా దృష్టిలో మీకు అన్నిటికన్నా మంచిది.

అన్నయ్య రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. న్యూజెర్సీలో నోటరీ చేయించి, పరాయి దేశంలో చెల్లడానికి అక్కడి ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర వేయించాలి, లేదా ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం పెట్టాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించకపోతే చెల్లదంటారు, మళ్ళీ మొదటికొస్తుంది. అందులో 'అన్ని పనులూ' అని రాస్తే చాలదు, ఏ ఇల్లు, ఏ సర్వే నంబరు, ఏ బ్యాంకు అన్నీ ఉండాలి.

నాన్నగారి పెన్షన్ ఖాతా విషయం కూడా చూడండి. పోయిన తర్వాత నెలల పెన్షన్ పడి ఉంటే దాన్ని ముట్టుకోకండి, ట్రెజరీ వెనక్కి తీసుకుంటుంది. ఏటీఎం కార్డుతో ఎవరైనా ఇప్పటికే తీసి ఉంటే లెక్క రాసి పెట్టి తిరిగి వేసేయండి. అమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ అమ్మదే, అది పంచుకునే ఆస్తి కాదు. వారసత్వం మీద పన్నేమీ లేదు, 1985లోనే ఎస్టేట్ డ్యూటీ తీసేశారు. నాన్నగారి ఆఖరి ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం మీలో ఒకరు వారసులుగా నమోదై వేయాలి.

ఇవన్నీ హిందూ కుటుంబాల లెక్క. ఇది చదివే ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాటాలు వేరు, దీన్ని యథాతథంగా పట్టుకోకండి.

మీరు చెప్పనిది, నాకు కావాల్సింది ఒకటుంది. తాతగారికి ఆ పొలం ఎలా వచ్చింది? నానమ్మకు గుర్తుండొచ్చు, అడిగి చూడండి. కొన్నదైతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల జాబితా) తీయించండి, దస్తావేజు నంబరు దొరుకుతుంది. లేకపోతే తహశీల్దారు ఆఫీసులో 1954-55 నాటి భూమి రికార్డు, కాస్రా పహాణీ, నకలుకు దరఖాస్తు పెట్టండి. అందులో ఆ సర్వే నంబరు ఎదురుగా పట్టాదారుగా ఎవరి పేరుందో చూసి చెప్తే, అన్నయ్యకు ఎన్ని ఎకరాలు వస్తాయో అప్పుడు చెప్తాను.